వెంటనే తొలగించవలెను

ఆ వరండాలో వేసిన బల్ల ఎత్తు యాభై ఒక్క సెంటీమీటర్లు ఉంటుందని, మోకాళ్ళ వెనుక దాని అంచు కోసుకుంటున్న తీరును బట్టి, టేపు తీయకుండానే ఆయన గ్రహించాడు. నలభై మూడు ఉండాలి. ఎక్కువైన ఆ ఎనిమిది సెంటీమీటర్లూ నెత్తురును కాళ్ళలోకి సరిగా దిగనివ్వవు. అరగంట కూర్చున్నవాడికి పాదాలు తిమ్మిరెక్కుతాయి, గంట కూర్చున్నవాడు లేవబోయి తూలుతాడు, తూలినవాడిని చూసి లోపలున్న పెద్దమనుషులు పాపం భయపడుతున్నాడు కాబోలు అనుకుంటారు. విచారణకు వచ్చినవాళ్ళ కోసం కావాలనే ఇలాంటి బల్ల చేయించారా అంటే, అంత తెలివి ఎవరికీ ఉండదని ముప్పై నాలుగేళ్ళ తనిఖీ ఉద్యోగం ఆయనకు నేర్పింది. లోకంలో జరిగే కీడులో కుట్ర పాలు బహు తక్కువ. వడ్రంగి దగ్గర మిగిలిన కర్ర పొడవు ఎంతో బల్ల ఎత్తు అంత, అంతే సంగతి. గోడగడియారంలో పదకొండూ ఇరవై అయింది. పన్నెండుకల్లా పిలుస్తారని అటెండరు చెప్పి వెళ్ళాడు. పిలిస్తే లోపలికి వెళ్ళి ఒక మాట చెప్పాలి. చెప్పాలా వద్దా అన్నది ఎనిమిది నెలలుగా తేలలేదు. ఈ నలభై నిమిషాల్లో తేలాలి.

మాట చిన్నది. నాలుగో ప్రెస్ దగ్గరున్న చెక్కపెట్టెను తీయించినవాణ్ణి నేనే. ఒక్క ఊపిరిలో చెప్పెయ్యవచ్చు. కానీ ఆ పెట్టె అక్కడికెందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో, పోయాక ఏమైందో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రేకును కొట్టి గిన్నెలా వంచే ఆ యంత్రానికి రెండు బటన్లు, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండింటినీ నొక్కితేనే పైనున్న ఇనప దిమ్మ కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నంతసేపూ దిమ్మ కింద నలగడానికి మనిషికి మూడో చెయ్యి లేదు. మనిషి మంచితనాన్నీ జాగ్రత్తనూ ఓపికనూ వేటినీ నమ్మకుండా, కేవలం చేతుల లెక్కను నమ్మి కట్టిన న్యాయం అది అని శిక్షణ తరగతుల్లో ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! ‘మరి ముక్కు దురద పెడితేనో సార్?’ అని వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు అడిగేవాడు. ‘పని ఆగుతుంది, ముక్కు మిగులుతుంది’ అని ఈయన జవాబు. తరగతంతా నవ్వేది. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. బటన్లు అందకపోతేనో?

ఆ బటన్లు నేలకు నూట ఇరవై అయిదు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. నియమావళి చివర ఉన్న పట్టిక ప్రకారం సగటు మనిషికి అది ఛాతీ ఎత్తు, వేలెత్తి చూపడానికి వీల్లేని ఎత్తు. నాలుగో ప్రెస్ మీద పనిచేసే అమ్మాయిని, ఫ్యాక్టరీలో ప్రెస్‌లుండే ఆ షాపులో అందరూ పిట్ట అనేవారు. పిట్ట ఎత్తు నూట నలభై రెండు. సగటు మనిషి ఛాతీ పిట్టకు గడ్డం దగ్గరికి వచ్చింది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రెండు చేతులూ గడ్డం ఎత్తుకు లేపి, ఎవరికో లొంగిపోయినదానిలా, నొక్కడం, దించడం, రేకు పెట్టడం, మళ్ళీ లేపడం. ఎవరు తెచ్చి పెట్టారో గాని, సరుకు దిగిన చెక్కపెట్టె ఒకటి బోర్లా పడి ఆమె కాళ్ళ కిందికి చేరింది. ఉద్యోగ విరమణకు పద్దెనిమిది రోజుల ముందు, ఆఖరి తనిఖీలో, అది ఆయన కంటబడింది. వంగి చేత్తో కదిపాడు. కదిలింది. తనిఖీ పుస్తకం తెప్పించి, ముత్యాల కోవ అని పై అధికారులు మెచ్చుకున్న చేతిరాతతో రాశాడు: ‘ప్రెస్ నెం. 4 వద్ద వదులుగా ఉన్న చెక్కపెట్టె. తట్టుకొని పడు ప్రమాదము కలదు. వెంటనే తొలగించవలెను.’ తొలగించారు. తొలగించిన పదకొండో రోజున పిట్ట, భుజాలు లేవక, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు ఊడదీసి, మడిచిన అట్టముక్క ఒకటి అడ్డం వేసి, ఎడమ బటన్ ఎప్పుడూ నొక్కే ఉండేలా బిగించేసింది. ఇక కుడిచెయ్యి ఒక్కటి లేపితే చాలు. ఎడమచేతికి విశ్రాంతి. కానీ పనికి అలవాటుపడ్డ చెయ్యి ఊరికే ఉండలేదు. ఒక రేకు పక్కకు ఒరిగితే సర్దబోయింది.

కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె మేయలేదు, చేను మీదికి ఒరిగింది. మేసిన కంచెనైతే తిట్టవచ్చు. ఒరిగినదాన్ని ఏమనాలి? విచారణ సంఘం ముసాయిదా నివేదిక వారం కిందట పోస్టులో వచ్చింది. పదకొండు పేజీలు. పెన్సిలు పట్టుకుని ప్రతి వాక్యాన్నీ సరిచూశాడు. యంత్రం నిబంధనల ప్రకారమే ఉంది, నిజం. రక్షణ ఏర్పాటు పనిచేసే స్థితిలోనే ఉంది, నిజం. దాన్ని కార్మికురాలు తన చేతులతో తానే నిష్ఫలం చేసింది, అదీ నిజం. అబద్ధం ఒక్కటీ దొరకలేదు. అన్ని నిజాలూ వరుసగా పేర్చుకుంటూ పోతే చివరి పేజీలో ‘ప్రమాద కారణం: కార్మికురాలి నిర్లక్ష్యం’ అని తేలింది. ఒక్కో ఇటుకా గట్టిదే, గోడ మాత్రం వంకర. తలరాత అన్న మాట వినపడితే ఒంటి మీద తేళ్ళు పాకినట్టయ్యే మనిషి ఆయన. తలరాత అంటే దర్యాప్తు చేయడానికి బద్ధకించినవాడి తీర్పు అని కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు పాఠం చెప్పినవాడు. పాత మాటను ఊడబెరికి దాని గుంటలోనే కొత్త మాటను నాటారని, నిర్లక్ష్యం అనేది చదువుకున్నవాళ్ళ తలరాత అని, ఇప్పుడు ఈ బల్ల మీద, తిమ్మిరెక్కుతున్న కాళ్ళతో తెలిసివస్తోంది. ఎన్ని నివేదికల కింద ఆయన ఆ మాట రాశాడు? వందా? రెండు వందలా? లెక్క తెలియకపోవడం ఆయన జీవితంలో అరుదు.

ఇందాక టాక్సీలో వస్తుంటే కూడా అదే. డ్రైవరు బెల్టు పెట్టుకోలేదు. బెల్టు కొసనుండే ఇనప నాలుకలాంటిదే వేరొకటి కొనుక్కొచ్చి, గంట మోగకుండా దాన్ని దూర్చి పెట్టాడు. ఈయన ఊరుకుంటాడా, ఉపన్యాసం అందుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, ‘అది గొంతు కోసేస్తుంది సార్, నా ఎత్తు చూడండి, బెల్టు మెడ మీదికొస్తుంది. గుద్దుకుంటే చస్తానో లేదో గానీ పెట్టుకుంటే రోజూ చస్తున్నా’ అన్నాడు. అప్పుడు చూశాడు ఆ మెడను. కాలర్ పైన ఎర్రగా ఒరుసుకుపోయిన గీత. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని చూడలేదు ఇలాంటివి! వెల్డింగు అమ్మాయిల చేతులకు రెండు సైజులు పెద్దవైన తోలు గ్లౌజులు, విప్పేస్తే నిర్లక్ష్యం. ఆవిరి పట్టి లోకమే కనపడని కళ్ళజోళ్ళు, నుదుటి మీదికి తోసుకుంటే నిర్లక్ష్యం. తల తిప్పితే తాను తిరగని హెల్మెట్టు, మేకుకు తగిలిస్తే నిర్లక్ష్యం. వస్తువు మనిషికి పట్టలేదని ఎవరూ రాయలేదు. మనిషి వస్తువుకు పట్టలేదనే రాశారు. ఆయనా రాశాడు.

సగటు మనిషి. అతన్ని ఈయన ఎన్నడూ కలుసుకోలేదు. ఎప్పుడో ఎక్కడో సైన్యంలో చేరడానికి బనీన్లతో వరుసలో నిలబడ్డ కుర్రాళ్ళను కొలిచి, కూడి, భాగిస్తే పుట్టిన మనిషి. తల్లి లేదు, ఆకలి లేదు, భుజం నొప్పి లేదు. ఆ మనిషి కోసం సొంత ఇంట్లో కూడా వంటగట్టు కట్టించాడు ఈయన, ఎనభై ఆరు సెంటీమీటర్లు, తాపీమేస్త్రీ నెత్తిన నిలబడి మరీ. భార్య నూట నలభై తొమ్మిది. కట్టిన మూడో రోజునే ఆమె ఒక పీట తెచ్చి గట్టు ముందు వేసుకుంది. మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఈయన ఆ పీటను కాలితో గోడవారకు తోసేవాడు. ఆమె మళ్ళీ లాక్కునేది. ఇరవై తొమ్మిదేళ్ళు తోశాడు, ఇరవై తొమ్మిదేళ్ళు లాక్కుంది. ఎవరూ పల్లెత్తు మాట అనుకోలేదు, ఒక్కసారి మాత్రం, ‘మీ సగటు మనిషిని ఒకరోజు భోజనానికి పిలవండి, గిన్నెలు తోమిస్తాను’ అంది. నవ్వాడు. హాస్యం అనుకున్నాడు. ఇవాళ పొద్దున చొక్కా అందిస్తూ, ‘ఏం చెప్తారు అక్కడ?’ అని అడిగింది. ‘జరిగింది చెప్తాను’ అన్నాడు. ‘జరిగిందా, కొలిచిందా?’ అని, జవాబుకు ఆగకుండా కుడిభుజాన్ని ఎడమచేత్తో నొక్కుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నొక్కుకోవడం ఎన్నేళ్ళుగా చూస్తున్నాడు! వయసు అనుకున్నాడు. వయసు కూడా ఒక తలరాతే కాబోలు, ఎవరూ దర్యాప్తు చేయరు.

పెట్టెను చేత్తో కదిపిన క్షణం ఉంది చూడండి, దాని దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తోంది ఆలోచన, పంటి సందున ఇరుక్కున్న పీచు దగ్గరికి నాలుక వెళ్ళినట్టు. ఎందుకంత తొందరగా రాశాడు? ఒక్కమాట, ‘ఎందుకమ్మా దీని మీద నిలబడ్డావు?’ అని అడిగితే ఏం పోయేది? నోటి ముత్యాలు రాలిపోయేవా? అడగలేదు. ఎందుకంటే ఆ క్షణాన ఆయన చూసింది పెట్టెను కాదు. నాన్న లారీలోని చెక్కముక్కను. తొమ్మిదేళ్ళప్పుడు, ఇంటి అరుగు మీద మనుషులు గుమిగూడి ఉంటే, మెకానిక్కు ఒకడు సంచీలోంచి ఒక చెక్కదిమ్మ తీసి అమ్మ ముందు పెట్టాడు. జానెడు పొడవు, దానికి తెగిన తాడు. ‘ఇదేనమ్మా, ఇదే ఊడి బ్రేకు కింద అడ్డం పడింది. దిగుడు రోడ్డు, తొక్కితే దిగలేదు’ అన్నాడు. అరుగు మీదున్నవాళ్ళంతా తలరాత అన్నారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒక్కడే అనలేదు. కాదు, చెక్క, అన్నాడు. వదులుగా ఉన్న చెక్క. ఆ ఒక్క మాట మీదే చదువు చదివాడు, ఉద్యోగం చేశాడు, వదులుగా ఉన్న ప్రతిదాన్నీ, తీగనూ గొట్టాన్నీ పలకనూ పెట్టెనూ, లోకం నుంచి ఏరిపారేయడానికి పుట్టినవాడిలా తిరిగాడు. అది తప్పు సిద్ధాంతం కాదు. ఇప్పటికీ కాదు. అయితే అందులో ఏదో ఒకటి తగ్గింది, ఏదో కాలమ్ ఖాళీగా ఉంది, అదేమిటో—

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అటెండరు గొంతు, ‘ఇలా కూర్చోమ్మా, పిలుస్తారు.’ తలెత్తాడు. పిట్ట. పొడుగు చేతుల ముదురు నీలం చుడీదారు, ఎడమచేతి వైపు గుడ్డ మణికట్టు ఉండాల్సిన చోట ముడివేసి ఉంది. బల్లకు రెండో కొసన, ఒక చేత్తో ఆనుకుని, ఎగిరి కూర్చుంది. కూర్చుంటే పాదాలు నేలకు ఆనలేదు. గాలిలో, జానెడు ఎత్తున, చిన్నపిల్ల పాదాల్లా వేలాడాయి. ఆయన ఆ పాదాల వైపు చూశాడు, పాదాలకూ నేలకూ మధ్య ఉన్న ఖాళీ వైపు చూశాడు, ఆ ఖాళీలోకి జానెడు పొడవున్న చెక్కదిమ్మ ఒకటి తాడుతో సహా వచ్చి కూర్చుంది. నాన్న పొట్టివాడు. ఎంత పొట్టివాడో ఎన్నడూ తలుచుకోలేదు, తొమ్మిదేళ్ళవాడికి ఏ నాన్నయినా పొడుగే. క్లచ్చు అందేది కాదు నాన్నకు. లారీ ఎవరో పొడుగుకాళ్ళవాడి కోసం చేసింది. అందక కట్టుకున్నాడు ఆ చెక్క. చెక్క వదులైంది కాబట్టి చచ్చిపోయాడన్నది నిజమే, కానీ అందని పెడలుకు చెక్క కట్టుకున్నాడు కాబట్టే అన్నాళ్ళు బతికాడు, మమ్మల్ని బతికించాడు. మెకానిక్కు సంచీలోంచి సగమే తీశాడు. మిగిలిన సగం కోసం యాభై ఏళ్ళకు పైగా సంచీలో చెయ్యి పెట్టి చూడలేదు.

‘బాగున్నారా సార్?’ అంది పిట్ట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాననే సామెత నోటిదాకా వచ్చింది. ఆ ముడివేసిన గుడ్డను చూసి అక్కడే మింగాడు. ‘నన్ను గుర్తుపట్టావా అమ్మా?’

‘టేపు సారు కదండీ. మీరొస్తున్నారంటే మా సూపర్‌వైజరు చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవాడు, ఊపిరాడక ముఖం కందిపోయేది’ అని నవ్వింది. నిజంగానే నవ్వింది. కోపం ఉంటుందని వారం రోజులుగా సిద్ధపడుతున్న మనిషికి ఆ నవ్వు దెబ్బలా తగిలింది.

‘అమ్మా, లోపల పెట్టె సంగతి చెబుతాను. అది తీయించింది నేనని, తప్పు నీది కాదని.’

ఆమె నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, ఒంటిచేత్తో బల్ల మీద జరుగుతూ దగ్గరికి వచ్చింది. ‘వద్దండి సార్. మీకు పుణ్యముంటుంది, వద్దు. తప్పు నాదేనని నేను సంతకం పెట్టేశాను, కుడిచేత్తో పెట్టాను లెండి, అదింకా ఉందిగా. పెట్టినందుకే నా చోట్లో మా చెల్లిని తీసుకున్నారు. ఇంట్లో ఇప్పుడు పనికెళ్ళేది అదొక్కటే. అటూ ఇటూ మాట వచ్చిందంటే మర్నాడే పంపించేస్తామని ముందే చెప్పారు.’

‘ఏ మిషను మీద?’

‘అదే మిషనండి. నాలుగు.’

‘మీ చెల్లి నీ అంత ఉంటుందా?’

‘నాకన్నా రెండు వేళ్ళు తక్కువే. నన్ను పిట్ట అన్నారా, దాన్ని పిచ్చుక అంటున్నారు.’

‘మరి బటన్లు?’

‘పెట్టె ఉందిగా సార్. నాకు ఇలా అయిన మర్నాడే మళ్ళీ తెచ్చారు. కింద రబ్బరు ముక్కలు కొట్టి, పసుపు రంగు వేసి, బాగా చేశారు, కొండలా కదలదు. కాకపోతే మీరు రాసింది పుస్తకంలో ఉంది కదా, ఎవరైనా పెద్దవాళ్ళొస్తున్నారంటే తీసి స్టోర్లో దాచేస్తారు. ఇవాళ మధ్యాహ్నం ఈ సంఘంవాళ్ళు మిషను చూడ్డానికొస్తారు కదండీ, పొద్దున్నే తీసేశారట.’ ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, వాన వస్తే బట్టలు తీసేస్తాం అన్నట్టు చెప్పింది.

‘ఇప్పుడు మీ చెల్లి...’

‘డ్యూటీలో ఉందండి. రెండింటిదాకా.’

ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని వచ్చెయ్యమను అన్నాడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు కదండీ అంది. జేబులోంచి తన ఫోను తీసి సూపర్‌వైజరు నంబరు కొట్టాడు. మోగింది. మోగుతూనే ఉంది. ప్రెస్ షాపులో చెవులకు రక్షణ కప్పులు పెట్టుకోకుండా అడుగుపెట్టకూడదని తొమ్మిదేళ్ళ కిందట పట్టుబట్టి అమలు చేయించింది ఎవరో ఆయనకు తెలుసు. ఆ కప్పుల్లో ఈ మోత వినపడదని కూడా తెలుసు. చెవులు కాపాడాడు. అవి నిజంగానే కాపాడబడ్డాయి, ఆ షాపులో చెవుడు తగ్గిందన్న అంకెలు ఉన్నాయి. ఇప్పుడా మనిషి ఆరోగ్యవంతమైన చెవులతో నాలుగో ప్రెస్ పక్కనుంచి నడుస్తూ ఉంటాడు, జేబులో ఫోను మోగుతూ ఉంటుంది, పిచ్చుక చేతులు గడ్డం దాకా లేస్తూ ఉంటాయి. చెబితే ఆ అమ్మాయి పని పోతుంది, చెల్లి సంపాదన మీద నిలబడ్డ ఇల్లు కూలుతుంది. చెప్పకపోతే ముత్యాల కోవలాంటి ఆ మూడు వాక్యాలు పుస్తకంలో అలాగే ఉంటాయి, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చిన ప్రతి రోజూ పెట్టె స్టోర్లోకి పోతుంది, ఏదో ఒక రోజు ఆ పిల్ల కూడా జడలోంచి రబ్బరు బ్యాండు ఊడదీస్తుంది. కుడితిలో పడ్డ ఎలుక కనీసం ఈదుతుంది; ఈయన కుడితిని కొలుస్తున్నాడు. పెట్టెను నేలకు బిగించవలెను. మూడే మూడు మాటలు, ఆరోజు రాసి ఉంటే! తొలగించవలెను బదులు బిగించవలెను. సిరా కూడా అంతే పట్టేది. అంత తేలిక మాట తోచకపోవడానికి ముప్పై నాలుగేళ్ళ అనుభవం కావాలి. కొత్తగా చేరినవాడెవడైనా అయితే బహుశా, ఎందుకమ్మా నిలబడ్డావు అని అడిగి ఉండేవాడు.

‘సార్, రమ్మంటున్నారు’ అన్నాడు అటెండరు. లేవబోయి తూలాడు. పిట్ట కుడిచెయ్యి చాచి మోచేతి దగ్గర పట్టుకుంది. గట్టి చెయ్యి. ‘వద్దు సార్’ అంది, చాలా మెల్లగా.

లోపల ముగ్గురు. అధ్యక్షుడి కుర్చీకి ఎత్తు తగ్గించే మీట, నడుముకు దిండు, మోచేతులకు ఆనిక అన్నీ ఉన్నాయి. ఈయన కళ్ళు ముందు వాటినే చూశాయి, సిగ్గులేని కళ్ళు. ఇంకొకాయన కంపెనీ తరఫు అధికారి. మూడో ఆయన రాసుకునే గుమాస్తా. బటన్ల ఎత్తెంత? నూట ఇరవై అయిదు. నిబంధనల ప్రకారమేనా? ప్రకారమే. మీ ఆఖరి తనిఖీనాడు రక్షణ ఏర్పాటు పనిచేస్తోందా? చేస్తోంది. ఒక్కో జవాబూ గట్టి ఇటుక. ‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?’ అని అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ అడిగాడు. చెప్పడానికి ఏమీ ఉండదనుకున్నవాడు అడిగే గొంతుతో. వరండాలో మోచేతి దగ్గర పట్టుకున్న చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఇంటికెళ్ళి వంటింట్లో పీటను చూడాలి. నాన్న ముఖం గుర్తుకు రావడం లేదు, కాళ్ళే గుర్తుకొస్తున్నాయి. ‘ఉంది’ అన్నాడు. ‘ఆమె ఒక పెట్టె మీద నిలబడి పనిచేసేది. అది నేను తీయించాను. అది ఉండి ఉంటే బటన్ కట్టేసే అవసరం ఆమెకు వచ్చేది కాదు. నివేదికలో కారణం అన్న చోట నా పేరు రాయండి.’

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, పెద్దవాడి మీద ఉండే దయతో చూశాడు. ‘మీరు మరీ మనసు కష్టపెట్టుకుంటున్నారండీ. వదులు పెట్టె తీయించడం తప్పెలా అవుతుంది? మీ స్థానంలో నేనున్నా అదే చేస్తాను.’ గుమాస్తా వైపు తిరిగి చెప్పాడు: ‘రాయి. ప్రమాదమునకు పూర్వమే సదరు యంత్రము వద్ద గల అదనపు ప్రమాదమును గుర్తించి, సకాలములో తొలగింపజేసినట్లు సాక్షి ధ్రువీకరించినారు.’ కలం గరగర రాసింది. అలా కాదు, అలా కాదండీ అని ఈయన లేచి నిలబడ్డాడు. ‘పెట్టె ఇప్పటికీ వాడుతున్నారు. మీరొస్తున్నారని దాచారు. ఇప్పుడు, ఈ క్షణాన, ఆమె చెల్లెలు అదే మిషను మీద పెట్టె లేకుండా పనిచేస్తోంది. ముందు ఆ మిషను ఆపించండి.’

‘రెండున్నరకు మేమే వెళ్తున్నాం కదండీ. మేం చూసేదాకా అక్కడ ఏదీ కదపవద్దని ఉత్తర్వు ఇచ్చి ఉన్నాం. మన ఉత్తర్వు మనమే ఎలా మీరతాం?’

‘చెల్లెలు అన్నారు’ అని కంపెనీ అధికారి మొదటిసారి నోరు తెరిచాడు. కలం మూత తీశాడు. ‘పెట్టె దాచారన్న మాట ఆ అమ్మాయే చెప్పిందా మీకు? ఇప్పుడా?’

అప్పుడు తెలిసింది, ఏం చేశాడో. నిజం చెప్పాడు, అది అబద్ధంగా కాగితం మీదికెక్కింది. సాయం చేయబోయి చెల్లెలి సంగతి బయటపెట్టాడు. అడుసు తొక్కిన కాలితో నడిచి వచ్చి నట్టింట్లో కడుక్కున్నాడు. ఎవరూ చెప్పలేదు, నాకే తెలుసు అని ఏదో అన్నాడు. అబద్ధమాడటం అలవాటులేని గొంతు, తానే పట్టిచ్చింది. సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. పెట్టకపోయినా ఫరవాలేదు, సాక్షి నిరాకరించినారని రాస్తే సరిపోతుందని అధ్యక్షుడు మర్యాదగా చెప్పాడు. నియమావళిలో దానికీ ఒక నిబంధన ఉంది. ఆయనకు దాని సంఖ్య కూడా గుర్తుంది.

బయటికి వచ్చాడు. పిట్ట ముఖం చూసి, ఆయన నోరు తెరవకముందే, ‘చెప్పేశారా సార్’ అంది. తల ఊపాడు. చెల్లెలి సంగతి కూడా వచ్చిందమ్మా, నా నోటి నుంచే వచ్చింది అన్నాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. మళ్ళీ ఫోను కొట్టాడు. మోగింది, మోగి మోగి ఆగింది. ఆయన బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. వెళ్ళడానికి ఎక్కడికీ లేదు. ఆ గేటు లోపలికి ఆయన్ని రానిచ్చే గుర్తింపు కార్డు ఎనిమిది నెలల కిందటే తిరిగి ఇచ్చేశాడు.

‘టైమెంతయింది సార్?’

‘పన్నెండూ ఇరవై.’

‘ఇంకా గంటా నలభై నిమిషాలు’ అంది. తన రక్తం గురించి చెప్పుకునేటప్పుడు ఎవరి గొంతులోనైనా దాగని గర్వంతో, ‘మా చెల్లి చాలా చురుకు సార్. నేనేనాడూ నిమిషానికి ఎనిమిది రేకులు దాటలేదు. అది తొమ్మిది కొడుతుంది’ అంది.

వంద నిమిషాలు, తొమ్మిది. పసిపిల్లవాడు చేసే గుణకారం. దాని జవాబు తనంతట తానే రాకుండా ఉండటానికి ఆయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.